సరిహద్దు దాటిన ఇంగ్లీషు పంతులు

దేవదుర్గ రాయచూరు జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. రాయచూరుకు పడమరగా యాభై కిలోమీటర్ల పైచిలుకు దూరం. తాలూకాకు ఉత్తరపు ఎల్లగా కృష్ణ పారుతుంది. ఏరు దాటితే ఒకప్పటి సురపుర సంస్థానం. ఊళ్లో కన్నడం ప్రధానం. పాతబజారులో దక్కనీ ఉర్దూ వినిపిస్తుంది. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాలు కొన్ని. తుంగభద్ర ఎడమ కాలువ వచ్చాక సింధనూరు, మాన్వి తాలూకాలలో వెలసిన ‘ఆంధ్రా క్యాంపుల’ సంగతి మీలో చాలామందికి ఇంటి సంగతే. ఇటువంటి చోట పుట్టి, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, అంగడిలో ఉర్దూ నేర్చి, ఆపైన ఇంగ్లీషులో ఎం.ఏ., బి.ఎడ్. చేసినవాళ్లు తరచు వేసే ప్రశ్న ఒకటుంది: విదేశాల్లో ఇంగ్లీషు పంతులుగా ఉద్యోగం దొరుకుతుందా? మా ఇంగ్లీషు అక్కడ చెల్లుతుందా?

మొదటి ప్రశ్నకు జవాబు ఎంప్లాయ్‌మెంట్ వార్తల్లో వెతకవచ్చు. రెండో ప్రశ్నకు మాత్రం చరిత్రలోనే వెతకాలి. మన ఇంగ్లీషు ఎక్కడ చెల్లింది, ఎక్కడ చెల్లలేదు అన్నది మన ఉచ్చారణ నిర్ణయించలేదు. ఆ దేశం ఇంగ్లీషును ఏం చేసుకోదలచుకుంది అన్నదే నిర్ణయించింది. ఇంగ్లీషును బడి నడపడానికి పనిముట్టుగా పెట్టుకున్న దేశాలు మన పంతుళ్లను పిలిచి మరీ తీసుకున్నాయి. ఇంగ్లీషును పుట్టుకతో వచ్చే సరుకుగా చూసే దేశాలు మన పాస్‌పోర్టు చూసి పక్కన పెట్టాయి. ఈ తేడా తెలియక మన పిల్లలు తమ నాలుకను తిట్టుకుంటూ ఉంటారు.

అసలు ‘విదేశం’ అన్న మాటనే కాస్త దగ్గరనుంచి చూడాలి. రాయచూరు ప్రాంతం నిజాం రాజ్యంలో ఉండేది. 1853లో అప్పు కింద రాయచూరు అంతర్వేదిని, బీరారును, ధారాశివ్‌ను ఇంగ్లీషువాళ్లు పుచ్చుకొని, 1860లో బీరారును తమ చేతిలోనే ఉంచుకొని తక్కినవి తిరిగి ఇచ్చారు. అంటే ఏడేళ్లపాటు దేవదుర్గ కంపెనీ ఏలుబడి కిందా, కొన్నాళ్లు విక్టోరియా రాణి కిందా ఉంది. అదే కొనసాగి ఉంటే ఇక్కడి చదువుల కథ బళ్లారి కథలాగా నడిచేది. బళ్లారిలో మద్రాసు విశ్వవిద్యాలయం ఇంగ్లీషు, రాయచూరులో నిజాం ఉర్దూ. మధ్యన తుంగభద్ర ఒక్కటే అడ్డు. 1871లో బొంబాయి రైలు, మద్రాసు రైలు రాయచూరులోనే కలిశాయి. అయినా చదువులు రెండూ కలవలేదు.

1880లలో నిజాం రాజ్యంలో కచేరీ భాష పార్సీ నుంచి ఉర్దూకు మారింది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలిసింది. ఒక భారతీయ భాషలో వైద్యం, ఇంజనీరింగు దాకా నేర్పిన విశ్వవిద్యాలయంగా దానికి గొప్ప పేరే వచ్చింది, రావలసిందే. కానీ ఆ భాష రాజ్యంలో అధిక సంఖ్యాకులైన తెలుగు, మరాఠీ, కన్నడ ప్రజలది కాదు. ఇంగ్లీషు అక్కడ తప్పనిసరి పాఠ్యాంశంగా ఉండేది గాని, మాధ్యమం కాదు. ఇంగ్లీషులోనే డిగ్రీ కావాలంటే హైదరాబాదులో నిజాం కాలేజీ ఉండేది. అది 1887 నుంచి 1947 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. రాజధాని నడిబొడ్డున ఉన్న కాలేజీకి పరీక్షలు మద్రాసు నుంచి వచ్చేవంటే, అప్పటి సరిహద్దులు ఎంత గట్టివో, ఎంత చిల్లులవో ఊహించుకోండి.

ఆనాడు మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు పట్టభద్రుడికి హైదరాబాదు ఒక విధంగా విదేశమే. నాణెం వేరు, తపాలా బిళ్ల వేరు, కచేరీ భాష వేరు. ఉద్యోగానికి ‘ముల్కీ’ అయి ఉండాలన్న నిబంధన 1919 నాటి ఫర్మానాతో బిగుసుకుంది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగాక ఉర్దూ వెనక్కి తగ్గింది. బడుల్లో ఇంగ్లీషు, ప్రాంతీయ భాషలు ముందుకొచ్చాయి. ఇంగ్లీషు చెప్పగలిగిన పంతుళ్లు కావలసివచ్చారు. ఉర్దూలో చదువుకున్న స్థానికులు ఒక్కరాత్రిలో ఇంగ్లీషు పంతుళ్లు కాలేరు కదా. కోస్తా జిల్లాల నుంచి, మద్రాసు వైపు నుంచి మనుషులు వచ్చి చేరారు. ఇంగ్లీషు వచ్చు అన్న ఒక్క యోగ్యత మీద తెలుగు పంతుళ్లు సరిహద్దు దాటి ఉద్యోగాలలో చేరిన పెద్ద ఘట్టం ఇది. ఓడెక్కనక్కర లేకపోయింది, అంతే.

దాని పర్యవసానం మీకు తెలిసే ఉంటుంది. 1952లో వరంగల్లులో విద్యార్థులు మొదలుపెట్టిన ముల్కీ ఆందోళనకు నిప్పురవ్వ బయటివాళ్లను ఉపాధ్యాయులుగా నియమించడమే. ఆ సెప్టెంబరులో హైదరాబాదులో కాల్పుల దాకా పోయింది. ఇప్పుడు మనం కొరియానో ఇంగ్లండునో ‘మావాళ్లే కావాలంటారు’ అని విసుక్కునేటప్పుడు, ఆ మాటను మొదట మన గడ్డ మీద మనవాళ్లే మనవాళ్లతో అన్నారని గుర్తు పెట్టుకోవడం మంచిది. వాళ్ల కోపానికి కారణం లేకపోలేదు. తమ తప్పు లేకుండానే తమ చదువు చెల్లని కాసు అయిపోయిన తరం అది. రాయచూరు, గుల్బర్గా పట్టభద్రులూ ఆ తరంలోని వాళ్లే.

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రం మూడు ముక్కలైంది. దేవదుర్గ మైసూరు రాష్ట్రంలో చేరింది. డిగ్రీల కోసం ముందు ధార్వాడలోని కర్ణాటక విశ్వవిద్యాలయం, 1980 తర్వాత గుల్బర్గా విశ్వవిద్యాలయం దిక్కయ్యాయి. ఇంగ్లీషు బోధన విషయంలో మాత్రం పాత రాజధాని చూపు తప్పలేదు. 1958లో హైదరాబాదులో కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌ను స్థాపించింది. అది 1972లో విదేశీ భాషలను కూడా చేర్చుకొని సీఫెల్ అయింది. 2007లో ఇఫ్లూగా కేంద్రీయ విశ్వవిద్యాలయం అయింది. ఇంగ్లీషు పంతులును డిగ్రీతో సరిపెట్టకుండా ఆ పని కోసమే ప్రత్యేకంగా తయారు చెయ్యాలన్న ఆలోచనకు దేశంలో ఇదే ముఖ్యకేంద్రం. 1960ల తొలి సగంలో దాని డైరెక్టరు ఎవరనుకున్నారు? వినాయక కృష్ణ గోకాక్, కన్నడ కవి. కర్ణాటక బడుల్లో కన్నడానికి ప్రథమ స్థానం ఇవ్వాలని 1981లో నివేదిక ఇచ్చిన కమిటీకి అధ్యక్షుడూ ఆయనే. ఆ నివేదిక అమలు కోరుతూ 1982లో రాజకుమార్ ముందు నడిచిన ఉద్యమం సరిహద్దు జిల్లాల తెలుగు, ఉర్దూ, మరాఠీ కుటుంబాలకు ఇబ్బందిగానే తోచింది. ఒకే మనిషి ఇంగ్లీషు పంతుళ్లకు గురువూ, కన్నడానికి వకీలూ అయ్యాడంటే అందులో నాకు వైరుధ్యం కనిపించదు. తన భాష మీద నమ్మకమున్నవాడే పరభాషను భయం లేకుండా నేర్పగలడు.

ఇక సముద్రం దాటిన వాళ్ల సంగతి. అందులో అన్నిటికన్నా పెద్ద ఘట్టం ఇథియోపియా.

1936 నుంచి 1941 దాకా ఇటలీ ఆ దేశాన్ని ఆక్రమించింది. చదువుకున్న యువతరంలో చాలామందిని చంపేసింది. 1941 మేలో హైలే సెలాసీ చక్రవర్తి తిరిగి వచ్చేసరికి బడులూ లేవు, పంతుళ్లూ లేరు. అంతకుముందు ఫ్రెంచి ప్రభావం ఎక్కువగా ఉన్న ఆ దేశం ఇంగ్లీషును ఉన్నత పాఠశాలల మాధ్యమంగా ఎంచుకుంది. అయితే ఇంగ్లీషులో లెక్కలు, భౌతికశాస్త్రం, భూగోళం, ఇంగ్లీషు వ్యాకరణం చెప్పేవాళ్లెవరు? బ్రిటిషు పంతుళ్లు ఖరీదు. పైగా బ్రిటిషువాళ్లు దేశంలో తిష్ట వేస్తారేమోనని చక్రవర్తికి అనుమానం, అందులో తప్పూ లేదు. భారతీయుడి విషయంలో ఆ భయం లేదు. ఇంగ్లీషు వచ్చు, డిగ్రీ ఉంది, జీతం తక్కువ, వెనక సైన్యం లేదు. 1948లో రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలు ఏర్పడ్డాయి. 1956లో చక్రవర్తి స్వయంగా భారతదేశం వచ్చాడు. 1950లలో ఆ దేశపు విదేశీ ఉపాధ్యాయుల్లో భారతీయులదే పెద్ద సంఖ్య. రాజధానిలోనే కాదు, గోండార్, దెస్సీ, హరార్, జిమ్మా వంటి దూరపు పట్టణాల్లో కూడా పిల్లల నోట మొదటి ఇంగ్లీషు వాక్యం పలికించినవాడు చాలాచోట్ల భారతీయ పంతులే. నేటికీ ఆ తరం ఇథియోపియన్లను కదిలిస్తే తమ ఇండియన్ మాస్టారి గురించి చెబుతారు. ఆ ఉచ్చారణను అనుకరించి నవ్విస్తారు కూడా.

ఈ పంతుళ్లలో మలయాళీలదే ప్రధాన వాటా. తెలుగువాళ్లు తక్కువ. కారణాలు వెతకడానికి దూరం పోనక్కరలేదు. తిరువాన్కూరు, కొచ్చిన్‌లలో మిషన్ బడుల వల్ల ఇంగ్లీషు చదువు తొందరగా వ్యాపించింది. డిగ్రీ, దానిమీద బి.టి. పట్టా ఉన్నవాళ్లు ఉద్యోగాలకన్నా ఎక్కువయ్యారు. పైగా సిరియన్ క్రైస్తవులకు ఇథియోపియా సనాతన క్రైస్తవ సంప్రదాయం కొంత పరిచయంగా తోచి ఉంటుంది. తెలుగునాట ఆ స్థాయి ఇంగ్లీషు చదువు కోస్తాకే పరిమితం. 1843లో మొదలైన మచిలీపట్నం నోబుల్ కాలేజీ, 1885లో వచ్చిన గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాల, 1926లో స్థాపించిన ఆంధ్ర విశ్వవిద్యాలయం అక్కడే ఉన్నాయి. తుంగభద్రకు ఇవతల అటువంటిది ఏదీ లేదు. ఉర్దూలో చదివిన డిగ్రీకి ఆ బజారులో విలువ కట్టేవాడు లేడు. రాయచూరు నుంచి ఎవరూ వెళ్లలేదని నేననడం లేదు. వెళ్లదగిన వాళ్లను తయారుచేసే బడి మన ప్రాంతానికి ఒక తరం ఆలస్యంగా వచ్చిందంటున్నాను.

ఒక చిన్న పక్కదారి. అమ్హారిక్ లిపి చూసిన తెలుగు పంతులుకు కొత్త అనిపించదు. అక్కడ ప్రతి హల్లుకూ ఏడు రూపాలు, ఒక్కో అచ్చుకు ఒక్కో మార్పు. అంటే మన గుణింతమే. క, కా, కి, కీ వల్లె వేసి పెరిగినవాడికి అది ఇంగ్లీషు స్పెల్లింగు కన్నా సులువు. బడిపిల్లాడు గుణింతం లాంటి క్రమంలో నుంచి ఇరవై ఆరు అక్షరాల అరాచకంలోకి దూకేటప్పుడు ఎక్కడ జారుతాడో, అటువంటి దూకుడే తాను దూకిన పంతులుకు తెలిసినట్టు లండనువాడికి తెలియదు.

1962లో అమెరికా పీస్ కోర్ మొదటి జట్టు ఇథియోపియా చేరింది. దాదాపు మూడువందల మంది యువతీయువకులు వచ్చి పడడంతో డిగ్రీ ఉన్న ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుల సంఖ్య ఇంచుమించు రెట్టింపయింది. అమెరికావాళ్లు రెండేళ్లకు వెళ్లిపోయేవాళ్లు. భారతీయులు మాత్రం ఒప్పందం పొడిగించుకొని ఏళ్లతరబడి ఉండేవాళ్లు. 1974 విప్లవంతో చక్రవర్తి పోయాడు, సైనిక పాలన వచ్చింది, ఆ తరం పంతుళ్లు క్రమంగా తిరుగుముఖం పట్టారు. 2000 తర్వాత ఆ దేశం విశ్వవిద్యాలయాల సంఖ్యను విపరీతంగా పెంచినప్పుడు మళ్లీ భారతీయులను పిలిచింది. ఈసారి పిహెచ్.డి. పట్టాలతో వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లు బాగానే ఉన్నారు. ఆంధ్ర, ఉస్మానియా, కాకతీయ పట్టాలకు అప్పటికి విలువ కట్టేవాళ్లు దొరికారు.

ఇథియోపియాలో ఇది జరుగుతున్న రోజుల్లోనే, అదే తూర్పు ఆఫ్రికాలో, కంపాలాలోని మకెరెరే కళాశాలలో 1961 జనవరిలో ఒక సమావేశం జరిగింది. కామన్వెల్తు దేశాలలో ఇంగ్లీషును రెండో భాషగా నేర్పడం గురించి. ఇంగ్లీషు ఇంగ్లీషులోనే నేర్పాలి, ఇంగ్లీషు మాతృభాషగా గలవాడే ఆదర్శ ఉపాధ్యాయుడు, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు వంటి సూత్రాలు ఆ సమావేశంతో స్థిరపడ్డాయని 1992లో రాబర్ట్ ఫిలిప్సన్ ‘లింగ్విస్టిక్ ఇంపీరియలిజం’ అన్న పుస్తకంలో వాదించాడు. అందులో రెండో సూత్రాన్ని ఆయన నేరుగా భ్రాంతి అన్నాడు. ఆయన వాదనలన్నీ నేను ఒప్పుకోను. భాషావ్యాప్తిలో సామ్రాజ్యవాదుల పథకం ఎంత ఉందో, మన తల్లిదండ్రుల ఆశ కూడా అంత ఉంది. కానీ ఈ ఒక్క విషయంలో ఆయన పక్షం. సమావేశంలో ఆదర్శ ఉపాధ్యాయుణ్ని నిర్వచిస్తున్నప్పుడు, అక్కడికి ఒక దేశం అవతల తరగతి గదుల్లో నిలబడి పాఠం చెబుతున్నవాడు ఆ నిర్వచనంలో ఇమడని కేరళ పంతులు, కోస్తా పంతులు. పరీక్షలు పాసయినవాళ్లు వాళ్ల విద్యార్థులే.

నైజీరియా కథ ఇంతకన్నా చురుకైనది, కాలం మాత్రం తక్కువ. 1973 తర్వాత చమురు ధర పెరిగి డబ్బు వచ్చింది. 1976లో సార్వత్రిక ప్రాథమిక విద్య ప్రకటించారు. 1979 తర్వాత పడమటి రాష్ట్రాలు ఉన్నత పాఠశాల చదువు కూడా ఉచితం చేశాయి. పంతుళ్లు చాలక భారతీయులను పెద్ద ఎత్తున చేర్చుకున్నారు. లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు చెప్పే భార్యాభర్తలు కలిసి వెళ్లడం ఆ రోజుల్లో మామూలు. ఆ తర్వాత చమురు ధర పడిపోయింది. ఇంటికి డబ్బు పంపే అనుమతులు ఆలస్యం కాసాగాయి, జీతాలు నిలిచాయి. 1986లో నైరా విలువ కూలింది. కాగితం మీది జీతం అలాగే ఉంది, రూపాయల్లో అది కరిగిపోయింది. విదేశీ ఉద్యోగంలో జీతం అంకె ఒక్కటే చూడకూడదు, ఏ నాణెంలో ఇస్తారు, ఎంత భాగం పంపుకోనిస్తారు అన్నది ముందు చూడాలని ఆ తరం నేర్చుకున్నది డబ్బు ధార పోసి.

భూటాను, మాల్దీవులు మనకు దగ్గర. భూటాన్ 1961లో మొదటి పంచవర్ష ప్రణాళిక మొదలుపెట్టినప్పుడు బడుల్లో మొదట హిందీ మాధ్యమం ఉండేది. 1960లలోనే ఇంగ్లీషుకు మారింది. పంతుళ్లు భారతదేశం నుంచి వెళ్లారు. ఇప్పుడు భూటాన్ పంతుళ్లే ఆస్ట్రేలియాకు వలస పోతున్నారు. గొలుసు అలా సాగుతోంది. మాల్దీవులు కూడా 1960ల తొలినాళ్లలో ఇంగ్లీషు మాధ్యమం పెట్టుకున్నాయి. మొదట శ్రీలంకవాళ్లు, తర్వాత మనవాళ్లు వెళ్లారు. చిన్న దీవి, ఒకే బడి, వారానికో పడవ అన్న జీవితానికి సిద్ధపడగలిగిన వాళ్లకు అక్కడ పని ఇప్పటికీ ఉంది.

ఈ దేశాలన్నిటికీ పోలిక ఏమిటి? బ్రజ్ కచ్రు 1985లో ఇంగ్లీషు ప్రపంచాన్ని మూడు వలయాలుగా వర్ణించాడు. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్న లోపలి వలయం. వలస పాలన వల్ల రెండో భాషగా స్థిరపడిన మన వంటి బయటి వలయం. విదేశీ భాషగా నేర్చుకుంటున్న విస్తరించే వలయం. మన పంతుళ్లు వెళ్లింది ఎక్కువగా బయటి వలయంలోని ఒక గడపనుంచి మరో గడపకు. ఇథియోపియా, భూటాన్ వలస పాలనలో లేకపోయినా బడి వరకు బయటి వలయంలాగే నడిచాయి. అక్కడ ఇంగ్లీషు పాఠం అంటే ఇంగ్లీషు సంభాషణ కాదు, మిగతా పాఠాలకు తాళంచెవి. అందుకే ‘ఇంగ్లీషు పంతులు’కన్నా ‘ఇంగ్లీషులో పాఠం చెప్పే పంతులు’కు ఉద్యోగాలు ఎక్కువ. విదేశాలకు దరఖాస్తు పెట్టే విద్యార్థులకు నేను మొదట చెప్పే సంగతి ఇదే.

ఉచ్చారణ గురించి భాషాశాస్త్రవేత్తగా రెండు మాటలు చెప్పాలి. దేవదుర్గలో ఒక్క తరగతి గదిలోనే మూడు ఇంగ్లీషులు వినవచ్చు. తెలుగు, కన్నడ పిల్లలు మాట చివర అచ్చు చేరుస్తారు: స్కూలు, బస్సు, కారు. అజంత భాషల సహజగుణం అది. ఉర్దూ పిల్లవాడికి చివర ఇబ్బంది లేదు, మొదట్లో సంయుక్తాక్షరం ఇబ్బంది: ఇస్కూల్, ఇస్టేషన్. ముగ్గురూ ‘ట’ను నాలుక మడిచి పలుకుతారు. ఇవి జబ్బులు కావు. ప్రతి భాషా పరభాషను తన అచ్చులో పోసుకుంటుంది. అర్థమవుతోందా లేదా అన్నదే ప్రశ్న. హైదరాబాదు సంస్థలోనే ఆర్. కె. బన్సల్ భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంత అర్థమవుతుందో పరీక్షించి 1969లో ప్రచురించాడు. ఆయన అధ్యయనంలో శ్రోతను తడబరిచేది ముఖ్యంగా అక్షరాల మీద తప్పు చోట ఊనిక పెట్టడం. ఇది దిద్దుకోదగినది, రెండు నెలల సాధన చాలు. 1979లో లారీ స్మిత్, ఖలీలుల్లా రఫిక్‌జాద్ పలు దేశాల శ్రోతలకు పలు దేశాల ఇంగ్లీషులు వినిపించి చూస్తే, మాతృభాషగా మాట్లాడేవాడి ఇంగ్లీషు తక్కువ అర్థమైన వాటిలో ఒకటిగా తేలింది. నేర్చుకున్నవాడు ఆగి ఆగి, తెరిచి తెరిచి పలుకుతాడు. నేర్చుకుంటున్నవాడికి అదే కావాలి.

శాస్త్రం ఇలా చెబుతుంటే బజారు మరోలా నడుస్తుంది. దక్షిణ కొరియా భాషా బోధకుల వీసాను ఇంగ్లీషుకు సంబంధించి అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా అనే ఏడు దేశాల పౌరులకు పరిమితం చేసింది. భారత, కొరియా దేశాల మధ్య 2010 జనవరి 1న అమలులోకి వచ్చిన ఆర్థిక ఒప్పందం మనకు ఒక చిన్న కిటికీ తెరిచింది. బోధనార్హత ఉన్న భారతీయులు బడుల్లో సహాయ ఇంగ్లీషు ఉపాధ్యాయులుగా చేరవచ్చునంది. కిటికీ తెరిచినా లోపలికి పోయినవాళ్లు తక్కువే. ఇంగ్లండు 2023 ఫిబ్రవరిలో భారతదేశంతో సహా తొమ్మిది చోట్ల శిక్షణ పొందిన పంతుళ్లు అక్కడి బోధనార్హతకు నేరుగా దరఖాస్తు చేసుకునే వీలు కల్పించింది. కానీ మొదట లెక్కలు, సైన్సు, భాషలు చెప్పేవాళ్లకే. ‘భాషలు’ అంటే అక్కడ ఫ్రెంచి, స్పానిషు లాంటివి, ఇంగ్లీషు కాదు. అమెరికాలో ఈ శతాబ్ది మొదట్లో హైదరాబాదు నుంచి తీసుకున్నదీ ఎక్కువగా లెక్కలు, సైన్సు, ప్రత్యేకావసరాల పిల్లల బోధకులనే. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఏ పల్లె స్కూలు డిస్ట్రిక్టు అంత ఇచ్చుకుంటుంది?

గల్ఫు దేశాల్లోని భారతీయ పాఠశాలలు వేరే లెక్క. అక్కడ సి.బి.ఎస్.ఇ. పాఠ్యప్రణాళిక, మన పిల్లలే, మన పంతుళ్లే. కాబట్టి పుట్టుక ప్రశ్న రాదు. అయితే భర్త ఉద్యోగం మీద అప్పటికే అక్కడ ఉన్న స్త్రీలు చాలామంది తక్కువ జీతానికి చేరతారు గనుక, దేవదుర్గ నుంచి నేరుగా దరఖాస్తు పెట్టేవాళ్లకు పోటీ ఎక్కువ. అక్కడే బ్రిటిషు పాఠ్యప్రణాళిక బడులు జీతం ఎక్కువ ఇస్తాయి, కానీ మళ్లీ పాస్‌పోర్టు చూస్తాయి.

మరోవైపు మన హైదరాబాదు సంస్థ ఏం చేస్తున్నదో చూడండి. 1964లో మొదలైన ఐటెక్ పథకం కింద పలు దేశాల ఉద్యోగులు, ఉపాధ్యాయులు ఇంగ్లీషు నేర్చుకోవడానికి ఆ క్యాంపసుకు వచ్చారు. 2000 తర్వాతి దశకంలో వియత్నాం, లావోస్, కంబోడియా, మయన్మార్‌లలో ఇంగ్లీషు శిక్షణ కేంద్రాలు నెలకొల్పడానికి మన విదేశాంగ శాఖ పురమాయించినదీ ఆ సంస్థనే. బెంగుళూరు, మద్రాసు బడుల్లో 1979 నుంచి 1984 దాకా ఎన్. ఎస్. ప్రభు నడిపిన ప్రయోగం వ్యాకరణ సూత్రం చెప్పకుండా పనులు చేయించి భాష నేర్పే పద్ధతికి లోకమంతటా పేరు తెచ్చింది. 1987లో ఆయన పుస్తకం ఆక్స్‌ఫర్డు అచ్చువేసింది. ఆయన సింగపూరు విశ్వవిద్యాలయంలో బోధించాడు. ఆ ప్రయోగం జరిగిన బడులు మామూలు బడులే, పిల్లలు కన్నడ, తమిళ మాధ్యమంలో చదివే పిల్లలే.

ఇంత చెప్పాక రాయచూరు సంగతి కూడా చెప్పాలి. 2011 జనాభా లెక్కల్లో జిల్లా అక్షరాస్యత అరవై శాతం కూడా దాటలేదు. 2018లో నీతి ఆయోగ్ ఎంపిక చేసిన వెనుకబడిన జిల్లాల్లో కర్ణాటకనుంచి రాయచూరు, యాదగిరి రెండే ఉన్నాయి. రాజ్యాంగంలో 2012లో చేర్చిన 371-జె అధికరణం కింద ఈ ప్రాంతంవాళ్లకు స్థానిక ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఉంది. అంటే కొత్త పేరుతో ముల్కీ నిబంధనే, ఈసారి మనకు అనుకూలంగా. మన ఎం.ఏ., బి.ఎడ్. వాళ్లు మాలే దీవులకు పోవడమా, మాన్వి బడికి పోవడమా అన్నది వాళ్ల ఇష్టం, వాళ్ల ఇంటి అప్పుల లెక్క. పరాయి దేశం పోయినవాణ్ని నిందించే హక్కు ఎవరికీ లేదు. కాని ఇథియోపియా పిల్లలకు దొరికిన పంతులు దేవదుర్గ పిల్లలకు దొరకలేదన్న సంగతి మాత్రం లెక్కలో ఉండాలి.

చివరగా కాగితాల సంగతి, ఎందుకంటే చాలామంది ఆగిపోయేది అక్కడే. ఏజెంటు ద్వారా వెళ్లేటట్టయితే, 1983 ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ఆ ఏజెంటు రిజిస్టరైనవాడై ఉండాలి. జాబితా ఈ-మైగ్రేట్‌లో ఉంటుంది. ఏజెంటు తీసుకోదగిన సేవారుసుముకు ముప్పై వేల రూపాయలు, దానిమీద పన్ను అని పరిమితి పెట్టారు. లక్షలు అడిగేవాడి దగ్గర కూర్చోవద్దు. 2005లో భారతదేశం హేగ్ ఒప్పందంలో చేరింది కాబట్టి, చేరిన దేశాలకైతే పట్టాల మీద అపోస్టిల్ ముద్ర ఒక్కటి చాలు. చేరని దేశాలకైతే ఆ దేశపు ఎంబసీ చుట్టూ కూడా తిరగాలి. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి పేరు. తెలుగింట ఇంటిపేరు ముందుంటుంది. ఇక్కడి కన్నడ పద్ధతిలో తండ్రి పేరు వెనక చేరుతుంది, లేదా ఊరి పేరు పొడి అక్షరమవుతుంది. బడి రిజిస్టరులో కన్నడంలో ఒక రకంగా, డిగ్రీ పట్టాలో ఇంగ్లీషులో మరో రకంగా, తాత నాటి ఉర్దూ పట్టాదారు కాగితంలో ఇంకో రకంగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే కొన్ని దేశాల్లో వీసానే రాదు. పదో తరగతి సర్టిఫికెట్టులో ఉన్న అక్షరక్రమాన్ని ఆధారంగా తీసుకొని, ఉద్యోగం వెతకడానికి ఏడాది ముందే మిగతా కాగితాలన్నీ దానికి సరిచేయించుకోండి. అఫిడవిట్టు, రెండు పత్రికల్లో ప్రకటన, గెజెట్ అన్నీ కలిపి ఆరు నెలలు పట్టవచ్చు.